ఆప్ట్ ‘కుదరదు’ అన్నప్పుడు

లినక్స్ కంప్యూటర్‌లో ప్రోగ్రాములను తెచ్చి ఎక్కించే ఆప్ట్ అనే పనిముట్టు ఒక్కోసారి ‘కుదరదు’ అంటుంది. ఆంధ్ర సరిహద్దున ఒడిశాలో ఉన్న పర్లాకిమిడి వంటి ఊళ్లో ఒక జిరాక్స్, డీటీపీ దుకాణాన్ని ఊహించుకుంటే ఈ సమస్య ఎక్కడ పుడుతుందో సులువుగా కనిపిస్తుంది. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ప్రత్యేక రాష్ట్రంగా ఏర్పడేదాకా ఆ ప్రాంతం మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేది. అందువల్ల ఒకే ఇంటి బీరువాలో పాత కాగితాలు తెలుగులోనూ, తర్వాతివి ఒడియాలోనూ, కోర్టువి ఇంగ్లీషులోనూ కనిపించడం అక్కడ వింత కాదు. వాటిలో అచ్చు కాగితాలను స్కాన్ చేసి, వెతుక్కోవడానికి వీలైన అక్షరాలుగా మార్చి ఇమ్మని గిరాకీ వస్తే, దుకాణదారు మూలనున్న పాత కంప్యూటర్‌లో ఉబుంటు సర్వర్ అనే లినక్స్ వేసి, టెసరాక్ట్ అనే కమాండ్-లైన్ ఓసీఆర్ (బొమ్మలోని అక్షరాలను గుర్తించే) ప్రోగ్రాము ఎక్కించబోతాడు. (చేతిరాత దస్తావేజులు దానికి కొరుకుడు పడవు, అది వేరే కథ.) ఒక్క అక్షరమైనా గుర్తించకముందే ఆప్ట్ ‘అన్‌మెట్ డిపెండెన్సీస్’ (దానికి కావలసిన తోడు కుదరలేదు) అంటూ ఆగిపోతుంది. ప్రాణహిత గోదావరిలో కలిసేచోట ఉన్న మహారాష్ట్రలోని సిరొంచలో తెలుగు, మరాఠీ కాగితాలతో ఇదే పనికి దిగినవారికీ ఇదే గోడ అడ్డొస్తుంది.

ఆ సందేశాన్ని యంత్రం మొరాయింపుగా తీసుకుని, దాని మెడలు వంచే కమాండు కోసం వెతకడం ఎక్కువమంది చేసే పని. అయితే తాను నిలబెట్టలేని పొందికకు ఆప్ట్ సంతకం పెట్టనంటోందని, ఎందుకు పెట్టదో కూడా ఆ నాలుగు వరుసల్లోనే రాసి ఉందని గ్రహిస్తే, చాలా చిక్కులు కొత్తగా ఏమీ దింపకుండానే విడిపోతాయి.

లినక్స్‌లో ఒక ప్రోగ్రాము తనకు కావలసినదంతా తన మూటలో కట్టుకుని రాదు. బొమ్మను చదవడానికి టెసరాక్ట్ లెప్టోనికా అనే లైబ్రరీని పిలుస్తుంది. లెప్టోనికా మళ్లీ జేపెగ్, పీఎన్‌జీ, టిఫ్ ఫార్మాట్ల లైబ్రరీలను పిలుస్తుంది. ఇవన్నీ చివరకు గ్లిబ్‌సి అనే మూల సీ లైబ్రరీ మీద ఆధారపడతాయి. పది ప్రోగ్రాములు ఒకే లైబ్రరీని పంచుకుంటే డిస్కూ మెమరీ కలిసొస్తాయి. దానిలో భద్రతా లోపం బయటపడినప్పుడు ఒక్కచోట సరిచేస్తే పదింటికీ సరిపోతుంది. ఉమ్మడి కాపురంలో ఉండే ఇబ్బందే ఇక్కడా ఉంది: ఒకరికి పాతది కావాలి, ఇంకొకరికి కొత్తది కావాలి, ఇంట్లో ఉండేది ఒక్కటే. డెబియన్, దాని మీద కట్టిన ఉబుంటుల్లో ప్రతి ప్యాకేజీ (ఇన్‌స్టాల్ చేయడానికి కట్టిన మూట) తన నొసటి రాతను తానే మోసుకొస్తుంది. ‘డిపెండ్స్’ అంటే అది లేనిదే నడవదు. ‘రికమెండ్స్’ అంటే ఉంటే మంచిది. ‘కాన్‌ఫ్లిక్ట్స్’, ‘బ్రేక్స్’ అంటే ఫలానాదానితో పొసగదు. ‘ప్రొవైడ్స్’ అంటే ఫలానా పేరుతో పిలిచినా తాను పలుకుతుంది. చేతికిచ్చిన ప్యాకేజీని విప్పి పెట్టే డీపీకేజీ, లోపించినదాని పేరు చెబుతుందే తప్ప తెచ్చిపెట్టదు. వెతికి తెచ్చే ఆప్ట్ 1999లో డెబియన్ 2.1 విడుదలతో చేరింది.

డెబియన్ 12లో 64 వేలకు పైగా ప్యాకేజీలున్నాయి. ఇన్నింటి కోరికలనూ వైరాలనూ ఒకేసారి తీర్చే పొందికను వెతకడం లెక్కల పరంగా ఎన్‌పి-కంప్లీట్ (అన్ని సందర్భాల్లోనూ వేగంగా తేల్చే పద్ధతి తెలియని) తరగతికి చెందిన సమస్య అని ఐరోపాలోని ఎడోస్ ప్రాజెక్టు పరిశోధకులు 2006 నాటికే చూపించారు. మామూలు రోజుల్లో ఇది ఎవరినీ బాధించదు. కానీ ఆప్ట్‌లో పొందికను వెతికే భాగమైన పాత సాల్వర్ అంచనాల మీద నడిచేది కాబట్టి, దారి ఉన్నచోట కూడా అప్పుడప్పుడు ‘లేదు’ అనేది. అలాంటప్పుడు ఆప్టిట్యూడ్ అనే మరో పనిముట్టు రెండు మూడు ప్రత్యామ్నాయాలు చూపి, ఎంచుకొమ్మని అడిగేది. రెడ్ హ్యాట్ లినక్స్ వైపు ఆప్ట్ లాంటి పనిముట్టయిన డీఎన్ఎఫ్ మొదటినుంచీ లిబ్‌సాల్వ్ అనే తర్క యంత్రాన్ని వాడుతోంది. 2025లో వచ్చిన ఆప్ట్ 3.0లోనూ కొత్త సాల్వర్ చేరింది. కాబట్టి పాత సర్వర్ మీద ఆప్ట్ చేతులెత్తేస్తే, అదే ప్రశ్న ఒకసారి ఆప్టిట్యూడ్‌ను అడగడంలో తప్పు లేదు. అది మొదట చూపే పరిష్కారానికి వెంటనే తలూపకూడదంతే: ఏమీ ఇన్‌స్టాల్ చేయకపోవడం కూడా దాని దృష్టిలో ఒక పరిష్కారమే.

డిపెండెన్సీ సమస్యలా కనిపించి, కానివాటిని ముందుగా పక్కకు తీయాలి. ‘అనేబుల్ టు లొకేట్ ప్యాకేజ్’ అంటే ఆ పేరే తన జాబితాలో లేదని అర్థం. ఒడియా భాషా డేటా కోసం ‘టెసరాక్ట్-ఓసీఆర్-ఒడియా’ అని కొడితే ఇదే జవాబు వస్తుంది. ఎందుకంటే రాష్ట్రం పేరు, భాష పేరు 2011లో అధికారికంగా మారినా, అంతర్జాతీయ భాషా సంకేతం పాత స్పెల్లింగు నుంచి వచ్చిన ‘ఓ-ఆర్-ఐ’గానే మిగిలింది. ప్యాకేజీ పేరు చివర ఆ మూడక్షరాలే ఉండాలి. తెలుగుకు ‘టీ-ఈ-ఎల్’, మరాఠీకి ‘ఎం-ఏ-ఆర్’. పేరు సరిగా ఉన్నా దొరకకపోతే ఉబుంటులో ‘యూనివర్స్’ విభాగం తెరిచి ఉందో లేదో చూడాలి, టెసరాక్ట్ ఉండేది అందులోనే. ‘కుడ్ నాట్ గెట్ లాక్’ అంటే వెనక మరో అప్‌డేట్ నడుస్తోందని. అది ముగిసేదాకా ఆగడమే పరిష్కారం, లాక్ ఫైలును చెరిపేయడం ఎప్పటికీ కాదు. ఇక గడువు తీరిన విడుదలల సంగతి: రెడ్ హ్యాట్ కుటుంబపు సెంట్‌ఓఎస్ 7కు 2024 జూన్ 30తో కాలం చెల్లింది, దాని పాత మిర్రర్ (ప్యాకేజీలు దింపుకునే సర్వర్) చిరునామా పలకదు, ప్యాకేజీలు ‘వాల్ట్’ సర్వర్‌కు వెళ్లిపోయాయి. కాలం చెల్లిన డెబియన్ విడుదలలూ కొంతకాలానికి ఆర్కైవ్ సర్వర్‌కే చేరతాయి. చిరునామా మార్చితే ప్యాకేజీలు దొరుకుతాయి, భద్రతా సవరణలు మాత్రం దొరకవు.

ఇవేవీ కానప్పుడు మిగిలేది అసలైన చిక్కు. దానిని చదవడంలో ఒక్కో మాటకూ విలువ ఉంది. ఆప్ట్ చెప్పే వాక్యాలన్నీ మొదట ఒకేలా కనిపిస్తాయి గానీ, వాటి తోకలు మూడు రకాలు.

మొదటిది ‘బట్ ఇట్ ఈజ్ నాట్ ఇన్‌స్టాలబుల్’. కావలసిన ప్యాకేజీ తనకు తెలిసిన ఏ రిపాజిటరీలోనూ (ప్యాకేజీల భాండాగారంలోనూ) లేదని ఇది చెబుతోంది. ఉబుంటు 22.04 మీద పాత ప్రోగ్రాము ఏదైనా ‘లిబ్‌ఎస్ఎస్ఎల్ 1.1’ కావాలన్నప్పుడు వచ్చేది ఈ రకమే. ఆ విడుదల ఓపెన్‌ఎస్ఎస్ఎల్ 3.0కు మారిపోయింది, పాత 1.1.1 శాఖకు 2023 సెప్టెంబరు 11న మద్దతు కూడా ముగిసింది. ఇక్కడ ఎంత బతిమాలినా ఆప్ట్ చేయగలిగింది లేదు. ఆ ప్రోగ్రాముకే కొత్త వెర్షన్ వెతకాలి.

రెండోది ‘బట్ ఫలానా వెర్షన్ ఈజ్ టు బి ఇన్‌స్టాల్డ్’. ప్యాకేజీ ఉంది, వెర్షన్ చాలదు. ఇది దాదాపు ఎప్పుడూ రెండు వేర్వేరు మూలాల కలయికను పట్టిస్తుంది: ప్రోగ్రాము ఒక విడుదలకు కట్టినది, సర్వర్ మరో విడుదలది.

మూడోది ‘బట్ ఇట్ ఈజ్ నాట్ గోయింగ్ టు బి ఇన్‌స్టాల్డ్’. ఇదే అందరినీ తికమకపెట్టేది. ప్యాకేజీ రిపాజిటరీలో ఉంది, వెర్షనూ సరిపోవచ్చు, అయినా పెట్టనంటోంది; అంటే దాని వెనక మరొకటి అడ్డుపడుతోంది, ఆ పేరు ఈ వరుసలో లేదు. ఇక్కడ చేయవలసింది తీగ లాగడమే: పెట్టనన్న ఆ ప్యాకేజీ పేరునే నేరుగా ‘ఆప్ట్ ఇన్‌స్టాల్’కు ఇస్తే సందేశం ఒక మెట్టు లోపలికి దిగుతుంది, అక్కడ కనిపించిన పేరుతో మళ్లీ అదే. రెండు మూడు మెట్లు దిగేసరికి మొదటి రకమో రెండో రకమో వాక్యం తేలుతుంది. ‘ఆప్టిట్యూడ్ వై-నాట్’ ఈ దిగుడునంతా ఒకేసారి చూపిస్తుంది.

చివర కనిపించే ‘యు హావ్ హెల్డ్ బ్రోకెన్ ప్యాకేజెస్’ అన్న మాటను నమ్మి ఎక్కడో ఏదో ప్యాకేజీ పట్టి ఉంచబడిందని గంటల తరబడి వెతికేవారున్నారు. ‘ఆప్ట్-మార్క్ షోహోల్డ్’ కొడితే చాలాసార్లు ఖాళీ జవాబు వస్తుంది. పొందిక కుదరని ప్రతిచోటా ఆప్ట్ ఈ వాక్యం అనేస్తుంది. అంత ముఖ్యమైన చోట అంత తప్పుదారి పట్టించే మాట ఏళ్ల తరబడి మారకుండా ఉండడం దాని రచయితల లోపమే అనాలి.

తీగ లాగిన తర్వాత చూడవలసింది ‘ఆప్ట్-క్యాష్ పాలసీ’. ప్యాకేజీ పేరు ఇస్తే ఇప్పుడున్న వెర్షన్, రాబోయే వెర్షన్, కింద పట్టికలో ఒక్కో వెర్షన్ ఏ రిపాజిటరీ నుంచి వస్తోందో, దాని ప్రాధాన్య సంఖ్యతో సహా కనిపిస్తుంది. మామూలు రిపాజిటరీకి 500. ఒక వెర్షన్ పక్కన 100 మాత్రమే ఉండి, దాని మూలంగా సర్వర్‌లోని డీపీకేజీ స్థితి ఫైలు తప్ప మరేమీ లేకపోతే, అది ఎప్పుడో ఎవరో చేత్తో పెట్టిన అనాథ ప్యాకేజీ అన్నమాట. సరిహద్దు ఊళ్లలో ఒక దుకాణం కంప్యూటర్ ఇంకో దుకాణానికి చేతులు మారడం, బరంపురంలోనో విశాఖలోనో తెలిసిన కుర్రాడు పెన్‌డ్రైవ్‌లో ఇచ్చిన డెబ్ (ప్యాకేజీ) ఫైళ్లు అందులో చేరడం మామూలే గనుక, ఈ 100ల వరుసలు అక్కడి సర్వర్లలో వెతికి చూడదగ్గవి.

పర్లాకిమిడి దుకాణానికే తిరిగి వెళితే, చిక్కు పుట్టే తీరు ఇలా ఉంటుంది. సర్వర్‌లో ఉన్నది ఉబుంటు 20.04. అందులో వచ్చే టెసరాక్ట్ వెర్షన్ 4.1.1. కొత్తదైతే తెలుగు ఒత్తులు బాగా పడతాయన్న ఆశతో డెబియన్ 12 కోసం కట్టిన 5.3.0 డెబ్ ఫైలు దింపి, డీపీకేజీతో నేరుగా ఎక్కిస్తారు. అది ‘లిబ్‌టెసరాక్ట్5’ కావాలంటుంది. దాన్నీ దింపి ఎక్కిస్తే గ్లిబ్‌సి 2.34 లేదా అంతకన్నా కొత్తది కావాలంటుంది. ఉబుంటు 20.04లో ఉన్నది 2.31. 2021 ఆగస్టులో వచ్చిన 2.34తో గ్లిబ్‌సిలో ప్రోగ్రాము మొదలయ్యే తీరుకే కొత్త వెర్షన్ ముద్ర పడింది కాబట్టి, ఆ తర్వాతి విడుదలల మీద కట్టిన ప్రోగ్రాములు సాధారణంగా దానికన్నా పాత గ్లిబ్‌సి మీద లేవనే లేవవు. గ్లిబ్‌సిని మాత్రం డెబియన్ నుంచి తెచ్చి మారుద్దామంటే, సర్వర్‌లోని ప్రతి ప్రోగ్రామూ, చివరికి ఆప్ట్ కూడా, దాని మీదే నడుస్తోంది. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

ఈ దశలోనే ‘ఫోర్స్’ అనే మాట ఉన్న ఆప్షన్లు చేతికి తగులుతాయి. డీపీకేజీకి డిపెండెన్సీలు పట్టించుకోవద్దని చెబితే అది పట్టించుకోదు, ప్యాకేజీ పెట్టేస్తుంది. ప్రోగ్రాము మాత్రం నడవదు. పైగా అప్పటినుంచి ఆప్ట్‌తో ఏ చిన్న ప్యాకేజీ పెట్టబోయినా, ముందు ఇల్లు చక్కబెట్టమంటూ ‘ఆప్ట్ --ఫిక్స్-బ్రోకెన్ ఇన్‌స్టాల్’ నడపమంటుంది. ఆ కమాండు పేరు చూసి కొత్త ప్రోగ్రామును బాగుచేస్తుందనుకుంటారు గానీ, కావలసినది ఏ రిపాజిటరీలోనూ లేనప్పుడు అది చేసే బాగు ఒక్కటే: బలవంతంగా పెట్టినదాన్ని తీసేయడం. అదే మంచిది కూడా.

ఇంకో దొడ్డిదారి సింబాలిక్ లింకు, అంటే ఉన్న ఫైలుకు మరో పేరుతో దారి చూపడం. ‘లిబ్‌ఎస్ఎస్ఎల్.ఎస్ఓ.1.1’ లేదని ప్రోగ్రాము ఆగిపోతే, ఉన్న ‘లిబ్‌ఎస్ఎస్ఎల్.ఎస్ఓ.3’కు ఆ పాత పేరుతో లింకు పెట్టడం. లైబ్రరీ పేరు చివర ఉండే ఆ అంకె అలంకారం కోసం పెట్టింది కాదు. పాత ప్రోగ్రాములతో పొత్తు తెగిపోయినప్పుడే లైబ్రరీ రచయితలు దాన్ని మారుస్తారు. పేరు మార్చి కూర్చోబెట్టినా లోపలి ఫంక్షన్లు పాతవి కావు. కొన్నిసార్లు వెంటనే ఎర్రర్ వచ్చి బతికిస్తుంది, కొన్నిసార్లు నెల తర్వాత పని మధ్యలో కూలుతుంది. ఈ రెండింటిలో మొదటిదే అదృష్టం. ఏ లైబ్రరీ దొరకడం లేదో ‘ఎల్‌డీడీ’ చెబుతుంది, ఆ ఫైలు ఏ ప్యాకేజీలో ఉంటుందో ‘ఆప్ట్-ఫైల్’ చెబుతుంది. ఆ రెండూ అడిగాక లింకు పెట్టాలన్న కోరిక సాధారణంగా మిగలదు.

పేర్ల విషయంలో ఇటీవలి వింత ఒకటుంది. 32 బిట్ల గడియారం 2038 జనవరి 19న నిండిపోతుంది. దానికి ముందుజాగ్రత్తగా ఉబుంటు 24.04, డెబియన్ 13 విడుదలల్లో అనేక లైబ్రరీ ప్యాకేజీల పేర్ల చివర ‘టీ64’ చేర్చారు. ‘లిబ్‌ఎస్ఎస్ఎల్3’ వెతికితే ‘లిబ్‌ఎస్ఎస్ఎల్3టీ64’ కనిపించడం అందుకే. మామూలు 64 బిట్ల సర్వర్‌లో కొత్త ప్యాకేజీ పాత పేరుకు కూడా పలుకుతుంది కాబట్టి కంగారు అక్కర్లేదు.

టెసరాక్ట్ ఉదాహరణలో అసలు ప్రశ్న వెర్షన్ 5 నిజంగా కావాలా అన్నది. తెలుగు అక్షరాలను గుర్తించే నేర్పు ప్రధానంగా ప్రోగ్రాములో ఉండదు, దానికి తోడు వచ్చే శిక్షణ డేటా ఫైలులో ఉంటుంది. 4కూ 5కూ ఆ ఫైళ్లు ఒక్కటే. డెబియన్, ఉబుంటు ప్యాకేజీలు ఇచ్చేది ‘ఫాస్ట్’ రకం. వేగం తగ్గినా నాణ్యత పెంచే ‘బెస్ట్’ రకం టెసరాక్ట్ ప్రాజెక్టు దగ్గర విడిగా దొరుకుతుంది. ఆ ఒక్క తెలుగు ఫైలు దింపి, వేరే ఫోల్డరులో పెట్టి, ‘--టెస్‌డేటా-డిర్’ ఆప్షన్‌తో దాని దారి చూపిస్తే చాలు. ఏ లైబ్రరీ మారదు, ఏ డిపెండెన్సీ కదలదు. మూడు రోజుల కుస్తీ ఒక ఫైలు కాపీతో తీరిపోవడం కంప్యూటర్ పనిలో అరుదేమీ కాదు. కావలసింది ఏమిటో అడగకుండా కొత్త అంకె వెంట పడడమే చాలా డిపెండెన్సీ చిక్కులకు మొదలు.

కొత్త వెర్షనే తప్పనిసరైతే రెండు మర్యాదైన దారులున్నాయి. పాడ్‌మన్ లేదా డాకర్ కంటెయినరులో (సర్వర్‌లోనే విడిగా కట్టిన గదిలో) డెబియన్ 12ను నడిపితే గ్లిబ్‌సితో సహా లైబ్రరీలన్నీ దానివే, లోపలి మూలమైన కెర్నెల్ మాత్రం సర్వర్‌ది. పాత సర్వర్ పాతగానే ఉంటుంది. లేదంటే విడుదలనే మార్చాలి. ఉబుంటు 20.04కు మామూలు మద్దతు 2025లో ముగిసింది కాబట్టి ఎలాగూ మార్చవలసిందే, అయితే ఎల్‌టీఎస్ (దీర్ఘకాల మద్దతు) విడుదలల మెట్లు దూకడానికి వీల్లేదు: 20.04 నుంచి 22.04, అక్కడినుంచి 24.04. ఎక్కేముందు చేత్తో పెట్టిన డెబ్‌లనూ బయటి రిపాజిటరీలనూ తీసేస్తే సగం ప్రమాదం తప్పుతుంది.

పైథాన్ ప్రోగ్రాముల దగ్గర ఇదే నాటకం రెండో రంగస్థలం మీద నడుస్తుంది. స్కాన్ చేసిన పీడీఎఫ్‌లో వెతకదగిన పాఠాన్ని చేర్చే ఓసీఆర్‌మైపీడీఎఫ్‌ను, పైథాన్ ప్యాకేజీలు తెచ్చే పిప్‌తో పెట్టబోతే డెబియన్ 12, ఉబుంటు 24.04లు ‘ఎక్స్‌టర్నల్లీ మేనేజ్డ్ ఎన్విరాన్‌మెంట్’ అని అడ్డుకుంటాయి. కారణం న్యాయమైనదే: సర్వర్ సొంత పనిముట్లు కొన్ని అదే పైథాన్ మీద నడుస్తాయి, వాటి మాడ్యూళ్లను పిప్ మార్చేస్తే అవి పడిపోతాయి. దాటిపోవడానికి ఇచ్చిన ఆప్షన్ పేరే ‘--బ్రేక్-సిస్టమ్-ప్యాకేజెస్’. ఇంతకన్నా నిజాయితీగల పేరు దొరకదు. ప్రతి ప్రోగ్రామునూ దాని సొంత గదిలో పెట్టే పైప్‌ఎక్స్‌తో గానీ, అలాంటి గదిని చేత్తో కట్టే విడి వర్చువల్ ఎన్విరాన్‌మెంటులో గానీ పెడితే గొడవ ఉండదు. అయితే పిప్‌కు పైథాన్ ప్రపంచమే తెలుసు. ఓసీఆర్‌మైపీడీఎఫ్‌కు అవసరమైన టెసరాక్ట్, ఘోస్ట్‌స్క్రిప్ట్‌లను అది తేలేదు. వాటిని ఆప్ట్‌తోనే పెట్టాలి. 2020 నవంబరులో వచ్చిన పిప్ 20.3 నుంచి వెర్షన్లు పొసగకపోతే అది వెనక్కి నడుస్తూ ఒక్కో పాత వెర్షన్‌నూ పరిశీలిస్తుంది. ఆ క్రమంలో ఒకే ప్యాకేజీని పలుమార్లు దింపగలదు. మొబైల్ హాట్‌స్పాట్ మీద నడిచే సర్వర్‌కు రోజు డేటా అంతా అక్కడే అయిపోవచ్చు కాబట్టి వెర్షన్లను ముందే రాసి ఇవ్వడం మేలు.

కరెంటు సంగతి విడిగా చెప్పాలి. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటి గజపతి జిల్లాను ఊడ్చినట్టు వచ్చే తుఫాన్లు సరే, మామూలు వానాకాలపు కోతే ఇన్‌స్టలేషన్‌ను సగంలో ఆపడానికి చాలు. విప్పిన ప్యాకేజీలు కాన్ఫిగర్ కాకుండా మిగిలిపోతాయి, మళ్లీ వెలిగించాక ఆప్ట్ ‘ఇంటరప్టెడ్’ అంటుంది. ఇందులో చిక్కు లేదు. ‘డీపీకేజీ --కాన్ఫిగర్ -ఏ’ ఆగినచోటి నుంచి ముగిస్తుంది.

నెట్ అసలే అందని సర్వర్‌కు డెబ్ ఫైళ్లను ఒక్కొక్కటిగా పెన్‌డ్రైవ్‌లో మోయడం కన్నా ఆప్ట్-ఆఫ్‌లైన్ నయం. సర్వర్‌లో ‘సెట్’ నడిపితే ఏయే ప్యాకేజీలు, ఏయే వెర్షన్లు కావాలో రాసిన చిన్న చీటీ ఫైలు తయారవుతుంది. నెట్ ఉన్నచోట ‘గెట్’ ఆ చీటీ చూసి డిపెండెన్సీలతో సహా అన్నీ దింపుతుంది. తిరిగొచ్చి ‘ఇన్‌స్టాల్’ అంటే అవి ఆప్ట్ నిల్వలో చేరతాయి. తర్వాత ఎప్పటిలాగే ఆప్ట్-గెట్. అప్పుడైనా ముందుగా ‘-ఎస్’ ఆప్షన్‌తో నటన నడిపించి చూడాలి. ‘ఇన్‌స్ట్’, ‘కాన్ఫ్’ అని మొదలయ్యే వరుసలు ఎన్ని ఉన్నా ఫర్వాలేదు. ‘రెమ్‌వ్’ అని మొదలయ్యే ప్రతి వరుసనూ చదవాలి, అక్కడ పైథాన్3 పేరో గ్లిబ్‌సి ప్యాకేజీ అయిన ‘లిబ్‌సి6’ పేరో కనిపిస్తే ఎంటర్ మీద నుంచి వేలు తీసేయాలి.